ఎల్లయ్య కూసున్న ఆరు దినాలు

లాల్‌దర్వాజాల పాల ఎల్లయ్య ఇల్లేదని ఎవ్వలనడిగినా చూపిస్తరు. చూపిచ్చుడే గాదు, "ఏమైంది, మీ బర్రె పాలిస్తలేదా?" అని ఉల్టా అడుగుతరు. తాతల కాడికెల్లి పాల బేరమే ఆయనది. మహంకాళి గుడి ఎనుక గల్లీల రెండర్రల ఇల్లు, జల్‌పల్లిల రేకుల కొట్టం, కొట్టంల పదకొండు బర్రెలు, ఒక దున్న. పట్నం నడిమిట్ల పసులుండొద్దని మున్సిపాలిటోళ్లు ఎన్నడో లొల్లి జేస్తె కొట్టం జల్‌పల్లికి మారింది. మనిషి మాత్రం లాల్‌దర్వాజా ఇడిచి కదల్లే. రోజూ బండి మీద చాంద్రాయణగుట్ట దాటి, బార్కస్ దాటి పోవుడు, పాలు దెచ్చి గల్లీ గల్లీ పోసుడు. యాభై నాలుగేండ్లొచ్చినా గదే తొవ్వ.

నోరు మాత్రం మస్తు పెద్దది. పావుశేరు పాలు పోస్తె పది నిమిషాల ముచ్చట కొసరు. ఎవరింట్ల పెండ్లి కుదిరింది, ఎవరికి షుగరొచ్చింది, అన్నీ ఆయన క్యాను తోనే ఇండ్లల్లకు పోతయి. "జర ఊకోవయ్యా, పాలు ఇరుగుతయి నీ మాటలకు" అంటది భార్య శారదమ్మ.

గంత నోరున్నోడు బర్రె కాడికి పోతె మూగోడైతడు. గదే ఆయన విద్య. చెప్తె నమ్మబుద్ది కాదు, చూసినోళ్లు మాత్రం నోరెళ్లబెట్టాల్సిందే.

సంగతేందంటే, పొదుగుల పాలుంటే సాలదు. బర్రె తనంతట తాను కిందికి దింపాలె. దాన్నే చేపుడు అంటరు. కడుపున పుట్టిన దుడ్డె సచ్చిపోయిన బర్రె, కొత్త జాగకొచ్చి బెదిరిన బర్రె చేపదు. ఎంత పిండినా సుక్క రాదు. గప్పుడు కొందరు సూది ఏస్తరు, కొందరు కట్టె తీస్తరు. ఎల్లయ్య రెండూ చెయ్యడు. కూసుంటడు.

షాహీన్‌నగర్‌ల ఒకాయన హర్యానాకెల్లి లారీల బర్రెను తెప్పిచ్చుకుంటె తొవ్వలనే దుడ్డె సచ్చింది. దగ్గరికి పోయినోన్ని పోయినట్టు తన్నుతున్నదది. ఎల్లయ్య వొయ్యి నూనె డబ్బా బోర్లేసుకోని పక్కన కూసున్నడు. పొద్దుగాల రెండు గంటలు, పొద్దుమీకి రెండు గంటలు. పొదుగు దిక్కు చెయ్యి పోనియ్యలే. గడ్డి ఏసిండు, నీళ్లు వెట్టిండు, మెడ మీద రుద్దిండు, మల్ల కూసున్నడు. గట్ల ఐదు దినాలు. ఆరో దినం ఎవ్వలూ ముట్టకముందే దాని చన్నులకెల్లి పాలు కిందవడ్డయి. షాహీన్‌నగరాయన రెండు చేతులు నెత్తి మీద వెట్టుకున్నడు. "క్యా పఢ్‌కే ఫూంకే మియా?" అన్నడు, ఏం మంత్రమేసినవని. "మంత్రం లేదు, ఏం లేదు భాయ్. అడుగుడు బంద్ చేసిన, గంతే" అన్నడు ఎల్లయ్య.

గసొంటి మనిషి, సొంత కొడుకు కాడికొచ్చేసరికి అడ్డగోలు తప్పు చేసిండు.

కొడుకు పేరు మురళి. ఇరవై ఏండ్లు. అగ్నివీర్‌ల సెలెక్టయి మధ్యప్రదేశ్‌ల ట్రైనింగ్‌కు పోయిండు. పోయిన రోజు గల్లీ మొగదల ఇంతెత్తు ఫ్లెక్సీ కట్టిండ్రు. ఆదివారం ఒక్కనాడే వాళ్లకు ఫోన్ ఇస్తరు. మొదట్ల మస్తు మాట్లాడెటోడు. ఎంత ఉరికిచ్చిండ్రు, ఏం తినవెట్టిండ్రు, పక్క మంచం పంజాబోడు ఎట్ల గురక వెడ్తడు, అన్నీ చెప్పెటోడు. మూడో నెలకు "ఆ", "ఊ", "మంచిగనే ఉన్న" అనుడే మిగిలింది. నాలుగో నెలల వరుసగ మూడు ఆదివారాలు ఫోనే రాలే. నాలుగో ఆదివారం చేసి, "బాపు, నెల దినాల లీవ్ మీద వస్తున్న" అన్నడు.

ట్రైనింగ్ నడిమిట్ల నెల దినాల లీవ్ ఎవడిస్తడని ఒక్కరికన్న తట్టాలె గద! తట్టలే. ఎల్లయ్య ఖుషీల భూమ్మీద లేడు. బార్కస్‌కెల్లి సాలెం భాయ్ మర్ఫా డప్పుల బృందాన్ని మాట్లాడిండు. అది చాలదన్నట్టు దున్నను గూడ దెచ్చిండు.

ఈ దున్న సంగతి జర చెప్పాలె. పేరు బాద్‌షా. దీపావళి అయినంక సదర్ పండుగ నాడు పాల బేరపోళ్లు దున్నలకు నూనె వెట్టి, పూలదండలేసి, డప్పుల మీద తిప్పుతరు. ఎనుక కాళ్ల మీద నిలవెట్టి సలాం కొట్టిస్తరు. పెద్దోళ్ల ముంగట దున్న సలాం కొట్టుడంటే గల్లీల అంతకన్న ఇజ్జత్ లేదు. ఫౌజుల చేరిన కొడుక్కు బాద్‌షాతోని సలాం కొట్టియ్యాలెనని ఎల్లయ్య కోరిక. పండుగ గాకున్నా సరే, ముస్తాబు జేసి తోల్కొచ్చిండు.

మురళి ఆటో దిగిండు. మర్ఫా డబడబ మొదలైంది, పటాకలు పేలినయి, మెడల దండవడ్డది. ఇంతల బాద్‌షా ఎనుక కాళ్ల మీద లేచి నిలవడ్డది. మురళి నాలుగడుగులు ఎనుకకు ఉరికి గోడకు కర్సుకున్నడు. చెయ్యి అడ్డం వెట్టుకోని గజగజ వణికిండు. చిన్నప్పటి సంది అదే దున్న మెడవట్టి ఊగిన పోరడు!

గల్లీ మొత్తం ఇరగవడి నవ్వింది. అందరికన్న పెద్దగ నవ్వింది ఎదురింటి టెంట్‌హౌస్ విశ్వేశ్వర్. "ఏందిరా ఫౌజీ, బార్డర్‌ల గూడ గిట్లనే ఉరుకుతవా?" అన్నడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? మురళి గూడ పండ్లు బయటవెట్టి నవ్విండు. ఎల్లయ్య నవ్విండు. శారదమ్మ ఒక్కతి నవ్వలే.

ఎనిమిది దినాలు ఇల్లంత జాతరే. ఎన్ని కిలోమీటర్లు ఉరికిస్తరు, తుపాకి ఇచ్చిండ్రా అని ఒకటే అడుగుడు. తల్లులు పిల్లగాండ్లను తోల్కొచ్చి "జర వీనికి బుద్ధి చెప్పు బిడ్డా" అన్నరు. మురళి అందరికి చెప్పిండు. పొద్దుగాల లేచి గడ్డం గీసుకునెటోడు, దుప్పటి నలుపలకలు కలిసెటట్టు మడిచెటోడు, వచ్చినోళ్ల ముంగట నిటారుగ కూసునెటోడు. తొమ్మిదో దినం లేవలే. గోడ దిక్కు మల్లి పండుకున్నడు. తినడు, తానం చెయ్యడు, పిలిస్తె పలుకడు.

"బడలిక ఉంటది తియ్యి" అన్నడు ఎల్లయ్య.

శారదమ్మకు ఎక్కడలేని కోపమొచ్చింది. "బడలికా? వచ్చిన కాన్నుంచి వాడు కంచంల ఇడిచిపెట్టిందే గని తిన్నది లేదు. దున్నను చూసి గోడకు కర్సుకుంటె నీకేం సమజ్ కాలేదా? నీకు బర్రె చెవి కదిలితె తెలుస్తది గని, కడుపున పుట్టినోని మొకం చూస్తె తెల్వదా?" అన్నది.

ఎల్లయ్యకు చెంప చెళ్లుమన్నట్టయింది. పోయి కొడుకు మంచం కాడ నిలవడ్డడు. గప్పుడు చూసిండు, నిజంగ చూసుడంటే గప్పుడే. చెంపలు లోపలికి వోయినయి. కండ్లు తెరిచే ఉన్నయి గని ఏం చూస్తలేవు. ఏమైంది బిడ్డా అని నోటిదాక వచ్చిన మాటను గుటుక్కున మింగిండు. ఇన్ని దినాలు అందరు అడుగుడే గద వాన్ని ఈ గతికి దెచ్చింది.

"బండి ఎక్కు, కొట్టం కాడికి వోదాం" అన్నడు. గంతే అన్నడు. మురళి ఎందుకు లేచిండో ఏమో, లేచిండు.

జల్‌పల్లి కొట్టంల మూలకు ఒక మంచముంటది. మురళి దాని మీద పండుకున్నడు. ఎల్లయ్య పని జేసుకున్నడు. పాలు పిండుడు, పెండ తీసుడు, కుడితి కలుపుడు అయినంక మంచం పక్కన డబ్బా బోర్లేసుకోని కూసున్నడు. ఒక ముచ్చట లేదు, ఒక ప్రశ్న లేదు. ఆకలైతదని రొట్టె ముంగట వెట్టిండు, తినుమని అనలే. పొద్దు నెత్తి మీదికొస్తె మంచం నీడకు జరిపిండు. అట్ల ఒక దినం వోయింది.

రెండో దినం గూడ అట్లనే. మూడో దినం మురళి సగం రొట్టె తిన్నడు.

నాలుగో దినమైతె ఎల్లయ్యకు పానం మీదికొచ్చింది. గంత నోరున్న మనిషి, సొంత కొడుకు పక్కన నోరు కుట్టుకోని కూసునుడంటే మాటలా? భయమైతుండె ఆయనకు. ఏమన్న చేసుకుంటడేమోనని భయం. ఎరువు మందుల అర్రకు ఎన్నడూ లేని తాళమేసిండు. కొడుకు కొట్టం ఎనుకకు వోతె పని ఇడిచిపెట్టి దూరంకెల్లి కనిపెట్టుకోనుండె. మీదికి మాత్రం పెదవి కదపలే. భుజం మీది రుమాలు కొసను పండ్లతోని కొరికి కొరికి చింపిండు. నలభై ఏండ్ల సంది ఎన్నో బర్రెలను మలుపుకొచ్చిండు గని గంత కష్టమైన పని ఎన్నడూ చెయ్యలే.

ఆరో దినం పొద్దుగాల పదిగొట్టంగ మురళి లేచి కూసున్నడు. ఎదురుంగ గోడనే చూసుకుంట, "నేను లీవ్ మీద రాలే బాపు" అన్నడు.

ఎల్లయ్య కదల్లే.

"దవాఖాన్ల ఉండె మూడు వారాలు. మనసుకొచ్చే బీమారి అన్నరు. డిప్రెషన్ అంట. సిక్ లీవ్ మీద పంపిండ్రు. నెల అయినంక మల్ల గక్కడి మిలిటరీ దవాఖాన్ల డాక్టర్లకు చూపియ్యాలె. ఉంచుకుంటరో పంపిస్తరో వాళ్లు చెప్తరు." చెప్తుంటె కండ్లకెల్లి నీళ్లు కారుతున్నయి, తుడుసుకునే సోయి గూడ లేదు. "గోలీలిచ్చిండ్రు. బూటుల దాచిపెట్టిన. ఏం గోలీలని అమ్మ అడుగుతదని వచ్చిన కాన్నుంచి ఒక్కటి గూడ ఏసుకోలే."

ఎల్లయ్య అడగాల్సిన ఒక్క మాట సూటిగ అడిగిండు. "సావాలనిపిస్తున్నదా బిడ్డా?"

మురళి తండ్రి మొకం చూసిండు, ఇన్ని దినాలల్ల మొదటిసారి. "అనిపిచ్చింది. ఇంక గూడ అప్పుడప్పుడు అనిపిస్తది."

"మంచిది, చెప్పినవు. ఇగ మీద అనిపిచ్చినప్పుడల్లా చెప్పాలె. నేను పాలు పోస్తున్నా సరే, ఇంకొకరి పెండ్లిల ఉన్నా సరే. చెప్తవా?"

"చెప్త. గని నేను పిరికోన్ని బాపు. నాతోని ఉన్నోళ్లందరు తట్టుకున్నరు. నేనొక్కన్నే తట్టుకోలేకపోయిన."

ఎల్లయ్య కొడుకును దగ్గరికి గుంజుకున్నడు. ఇద్దరు మస్తుసేపు ఏడ్చిండ్రు. బర్రెలు గూడ నెమరేసుడు ఆపి చూసినయని ఎల్లయ్య ఇప్పటికీ చెప్తడు. నమ్ముడు నమ్మకపోవుడు మీ ఇష్టం.

ఆ రోజు సంది గోలీలు మొదలైనయి. శారదమ్మ పొద్దుగాల సల్ల గిలాసతోని గోలి చేతుల వెట్టి, మింగెదాక కాడనే నిలవడెటిది. రెండు దినాలకు మనిషి లేచి తిరుగుతడనుకున్నడు ఎల్లయ్య. కాలే. ఒకనాడు బర్రెలకు తానం చేపిచ్చి నవ్వుకుంట ఇంటికొచ్చెటోడు, తెల్లారి మల్ల గోడ దిక్కు మల్లెటోడు. గిది ఒకటి రెండు దినాలల్ల పొయ్యే బీమారి గాదని మెల్లగ సమజైంది.

ఒకనాడు మురళి కొట్టం బయట నీళ్లు కొడ్తుంటె వాని ఫోన్ మోగింది. ఎల్లయ్య ఎత్తిండు. అవతల ట్రైనింగ్‌ల మురళికి నేర్పిచ్చే హవల్దారు, రాజస్థానాయన. గొంతు గరగర. మురళి ఎట్లున్నడు, గోలీలేసుకుంటున్నడా అని అడిగిండు. ఎల్లయ్య తనకొచ్చిన పట్నం ఉర్దూల అన్నీ చెప్పిండు. చెప్పి చెప్పి, "సాబ్, మావోడు తట్టుకోలేకపోయిండు, మాఫ్ కర్నా" అన్నడు.

హవల్దారు, "మీకు సంగతి తెల్వదా?" అన్నడు. "పొద్దుగాల లైన్ల నిలవెట్టినప్పుడు రోజూ ఒకటే మాట అడుగుత. ఎవరికన్న తక్లీఫ్ ఉన్నదా అని. కాలు బొబ్బలెక్కినోడు, జొరమొచ్చినోడు ఒక్క అడుగు ముందుకొస్తడు. ఒకనాడు మీవోడు వచ్చిండు. కాలా అన్న. కాలు మంచిగనే ఉన్నది సాబ్ అన్నడు. జొరమా అన్న. లేదన్నడు. మరేందిరా అని గట్టిగ అరిచిన. రెండువందల మంది ఇంటున్నరు. 'జీనే కా మన్ నహీ కర్తా సాబ్' అన్నడు. బతకబుద్ది అయితలేదని."

ఎల్లయ్య ఫోన్ చెవికి ఇంకింత గట్టిగ ఆనిచ్చుకున్నడు.

"ఇరవై రెండేండ్ల నౌకరీ నాది" అన్నడు హవల్దారు. "గా మాట లోపల్నే పెట్టుకున్నోళ్లను చూసిన. వాళ్లల్ల ఒకన్ని ఈ చేతులతోనే మోసిన. లైన్లకెల్లి బయటికొచ్చి చెప్పినోన్ని మాత్రం చూడలే. మీవోడే మొదటోడు. మీరు మాఫీ అడుగుతరేంది?"

ఫోన్ పెట్టేసినంక గూడ ఎల్లయ్య చెవి కాడనే వట్టుకోని నిలవడ్డడు. ఒళ్లంత జలదరిస్తున్నది. ఎన్కట తన తమ్ముడు బస్సు కింద వడి సచ్చిన ఏడు తనకు గూడ గట్లనే ఉండె. ఏడాది పొడుగునా బతకబుద్ది కాలే. పాలు పోసుకుంట, నవ్వుకుంట, అందరికి ముచ్చట్లు చెప్పుకుంట తిరిగిండు. కట్టుకున్న శారదమ్మకు గూడ చెప్పలే. ఎవ్వలన్న తక్లీఫ్ ఏందని అడిగితె "ఏం ఫికర్ లేదు భాయ్" అన్నడు. తను ఏడాదిల ఎయ్యలేని అడుగు ఈ పోరడు రెండువందల మంది ముంగట ఏసిండు. అవ్వో, వీనికి ఈ గుండె ఏడికెల్లి వచ్చింది! నీళ్లు కొడ్తున్న కొడుకును దూరంకెల్లి చూస్తుంటె, తొట్లె నుంచి ఎత్తుకోని పెంచిన పోరన్ని గాదు, ఎవ్వలో పెద్ద మనిషిని చూస్తున్నట్టయింది.

పోయి పైపు చేతులకెల్లి తీస్కోని బంద్ చేసిండు. "మీ హవల్దార్ మాట్లాడిండు. పిరికోన్నంటివి గద నాతోని. బిడ్డా, నాకు గంత ధైర్యం ఏనాడూ లేకుండె" అని, తమ్ముడు సచ్చిన ఏటి ముచ్చట మొత్తం చెప్పిండు. మురళి తడి చేతులతోనే డబ్బా మీద కూసోని ఇన్నడు.

నెల నిండింది. డాక్టర్లకు చూపిచ్చే దినం దగ్గరికొచ్చింది. ఫౌజుల ఉంచుకుంటరో, ఇంటికి పంపిస్తరో తెల్వదు. ఏదైనా సరేనని ఇంట్ల ముగ్గురు అనుకున్నరు. కొట్టం శారదమ్మకు అప్పజెప్పి ఎల్లయ్య గూడ కొడుకెంట బయలెల్లిండు. ఆటో వచ్చి గల్లీల ఆగంగనే జనం ఇండ్లల్లకెల్లి బయటికొచ్చిండ్రు.

"లీవ్ అయిపాయెనా ఫౌజీ?" అన్నడు విశ్వేశ్వర్, అరుగు మీదికెల్లి గట్టిగ. "ఈసారి దున్నను చూసి ఉరుకవు గద!"

నలుగురు నవ్విండ్రు. ఎల్లయ్య ఎప్పటి లెక్కనే ఏదో ఒక మాట చెప్పి దాటేద్దామని నోరు తెరిచిండు. గని మురళి ఆటోల కాలు వెట్టినోడు మల్ల కిందికి దిగిండు. గల్లీ నడిమిట్లకు వచ్చి నిలవడ్డడు.

"లీవ్ గాదు కాకా. సిక్ లీవ్" అన్నడు. "నాకు మనసు బాగలేకుండె. బతకబుద్ది కాకుండె. దవాఖాన్ల ఉండి వచ్చిన. గోలీలేసుకుంటున్న. ఇప్పుడు మల్ల డాక్టర్లకు చూపిచ్చుకునెతందుకే వోతున్న."

ఎవ్వలింట్లనో కుక్కర్ కూసింది, గంతే. ఎల్లయ్య కొడుకు మొకం దిక్కే చూస్తున్నడు. ఫోన్ల ఇన్న సంగతి ఇప్పుడు కండ్ల ముంగట అయితున్నది. ఇంటే ఒళ్లు జలదరించింది, చూస్తె మొక్కబుద్దయింది. మురళి వచ్చి ఆటోల కూసున్నడు. ఎల్లయ్య పక్కన కూసోని చెయ్యి వట్టుకున్నడు. ఆటో కదిలింది.

గల్లీ మలుపు కాడ ఎవ్వలో ఎనుకకెల్లి "ఎల్లన్నా, ఆగు!" అని అరిచిండ్రు. విశ్వేశ్వర్ ఉరికొస్తున్నడు. చెప్పుల్లేవు. ఆటో రాడ్ వట్టుకోని ఎగపోసుకుంట నిలవడ్డడు. మొకంల నవ్వనేది లేదు.

"మా నందుగాడు" అన్నడు. నందు ఆయన కొడుకు. మురళి, నందు ఒక్క బడిల చదివినోళ్లు, ఒక్క గ్రౌండ్‌ల ఉరికినోళ్లు. సెలెక్షన్ల మురళి గెలిచిండు, నందు రెండుసార్లు రన్నింగ్‌లనే ఫెయిలయిండు. "వికారాబాద్ల మా అన్న కాడున్నడని అందరికి అబద్దం చెప్తున్నన్నా. ఏడికీ పోలే. మీది అర్రల తలుపేసుకోని నలభై దినాలైంది. మాతోని మాట్లాడుతలేడు. నేను కొట్టిన గూడ. ఏం జెయ్యాలెనో నాకు తెలుస్తలేదు." గంత పెద్ద నోరున్నోడు రాడ్ వట్టుకోని చిన్న పోరని తీరుగ ఏడ్చిండు.

ఎల్లయ్య టైం చూసుకున్నడు. రైలుకు ఇంక మూడు గంటలున్నది.

మురళి సంచి తండ్రి ఒడిల వెట్టిండు. "బాపు, ఆటో ఆయనను జర ఆగుమను" అని దిగి, ఎనుకకు నడిచి విశ్వేశ్వర్ ఇంటి మెట్లెక్కిండు.